సగం వయల్

హౌస్ సర్జన్సీలో పల్లె పోస్టింగ్ అంటే మాకు సగం సెలవు. పొద్దున ఓపీ చూసుకుని మధ్యాహ్నం బస్సుకు హనుమకొండ వచ్చెయ్యొచ్చు. నేను కాకతీయ మెడికల్ కాలేజీలో 1997 బ్యాచ్. 2002 చివర్లో, పత్తి ఏరే రోజుల్లో, భూపాలపల్లి వైపు ఒక పీహెచ్‌సీలో ఉన్నాను. నలభై దాటిన ఒకామె వచ్చింది. కూలికి పోయే మనిషి, పత్తికాయలు గీసుకుని వేళ్ల చివర్లన్నీ చీరుకుపోయి ఉన్నాయి. "ఏడాది సంది బట్టలు ఖరాబైతున్నయి బిడ్డా" అంది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూదులు ఇచ్చాడట. ఆగినట్టే ఆగి మళ్లీ మొదలైందట. సిస్టర్‌ను తోడు పెట్టుకుని పరీక్ష చేశాను. వేలు తగిలితే చాలు, రక్తం. గర్భాశయ ముఖద్వారం మీద గోబీపువ్వులా పెరుగుతుందని పుస్తకంలో చదివాను. అచ్చం అలాగే ఉంది.

చీటీ మీద 'రెఫర్డ్ టు హయ్యర్ సెంటర్' అని రాసి, హైదరాబాద్‌లో క్యాన్సర్ ఆసుపత్రికి పొమ్మన్నాను. ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుని, "హైదరాబాద్‌ల యాడ దిగాలె?" అని అడిగింది.

నాకు తెలీదు. అక్కడ ఎవరినడిగినా చెప్తారు అన్నాను.

బాపు ఆర్టీసీలో కండక్టర్. ఆ రాత్రి అన్నం తింటూ ఈ సంగతి చెప్తే ఆయన ముద్ద కలపడం ఆపి, "రెఫర్ అని మీరు రాస్తరు సరే. ఏ బస్సెక్కాల్నో ఎవడు రాస్తడు?" అన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి కాగితం మీద తనే రాసిచ్చాడు. ఇమ్లీబన్‌లో దిగాలి, లక్డీకాపూల్ పోయే సిటీ బస్సెక్కాలి, దిగినాక నీలోఫర్ దవాఖాన అడగాలి, దాని దగ్గర్లోనే. ఎంఎన్‌జే అంటే అందరికీ తెలీదు, రెడ్‌హిల్స్ క్యాన్సర్ దవాఖాన అనాలి. మరుసటి వారం ఆ కాగితం తీసుకుని వెళ్లాను. ఏఎన్ఎం వాకబు చేసింది. ఆమె తల్లిగారి ఊరికి పోయిందన్నారు. అంతకు మించి ఏమీ తెలియలేదు.

దాంతో ఆంకాలజిస్టు, అంటే క్యాన్సర్ డాక్టర్, అయిపోవాలని ఒట్టు పెట్టుకున్నానని రాస్తే బాగుంటుంది గానీ, నిజం కాదు. అప్పుడు నా కళ్లు కార్డియాలజీ మీద ఉన్నాయి. మా బ్యాచ్‌లో సగం మందికి అదే కల. రెండోసారి రాస్తే గానీ పీజీ ఎంట్రన్స్‌లో జనరల్ మెడిసిన్ రాలేదు. 2004లో హైదరాబాద్ చేరాను.

మనసు మారింది ఆ వార్డులోనే. జగిత్యాల వైపు నుంచి ఒకతను వచ్చాడు, ముప్ఫై ఏళ్లుంటాయి. ఎడమ డొక్కలో మొదలైన గట్టితనం బొడ్డు దాటి కిందికి దిగింది. ఊళ్లో 'బల్ల పెరిగింది' అని, అంటే ప్లీహం ఉబ్బిందని, వాతలు కూడా పెట్టారు. తెల్ల కణాలు లక్షల్లో ఉన్నాయి. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, ఒక రకం రక్త క్యాన్సర్. మా సీనియర్లు చదువుకున్న రోజుల్లో ఈ జబ్బుకు మాత్రలతో కొన్నాళ్లు కణాలను అణచడం, లేదంటే రోజూ ఇంటర్ఫెరాన్ సూది, ఎవరైనా తోబుట్టువు సరిపోతే మూలుగ మార్పిడి. మూడు నాలుగేళ్లలో జబ్బు తిరగబడేది. 2001లో ఇమాటినిబ్ అనే మాత్ర వచ్చింది. 9వ క్రోమోజోము, 22వ క్రోమోజోము ముక్కలు తారుమారై ఒక తప్పుడు ప్రొటీన్ తయారవుతుంది. ఆ ప్రొటీన్‌ను ఈ మాత్ర పట్టి ఆపుతుంది. రోజుకు 400 మిల్లీగ్రాములు, అన్నం తిన్నాక వేసుకోవాలి. అంతే.

మూడు నెలల తర్వాత అతను మళ్లీ వస్తే మంచం మీద పడుకోబెట్టి డొక్కలో వేళ్లు పెట్టి వెతికాను. ఊపిరి పీల్చమన్నాను, వదలమన్నాను. ఎక్కడా తగల్లేదు. వేరే పేషెంటేమోనని ఫైలు మీద పేరు మళ్లీ చూశాను. అతను నవ్వి, "నేనే మేడం, ప్యాంట్లన్నీ లూజైనయి" అన్నాడు.

అసలు కంపెనీ మాత్ర ధర మామూలు కుటుంబానికి అందేది కాదు. అర్హత ఉన్నవాళ్లకు ఆ కంపెనీ పథకం కింద ఉచితంగా వచ్చేది. హైదరాబాద్‌లోని నాట్కో లాంటి కంపెనీలు తయారుచేసిన జనరిక్ తక్కువకు దొరికేది. ఈ మందు పేటెంటు కేసు చాలా ఏళ్లు నడిచి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో తేలింది, పేటెంటు ఇవ్వడం కుదరదని. ఆ రోజు మా డాక్టర్ల గదిలో మిఠాయి పంచారు. కోర్టు తీర్పుకు డాక్టర్లు మిఠాయి పంచడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇక్కడ కొంచెం దారి సంగతి చెప్తాను, జూనియర్లు తరచూ అడుగుతుంటారు కాబట్టి. క్యాన్సర్ డాక్టర్ అంటే బయటివాళ్లకు ఒకరే, లోపల ముగ్గురు. ఎంబీబీఎస్ తర్వాత ఎంఎస్ చేసి ఆపైన మూడేళ్లు ఎంసీహెచ్ చేస్తే కోసేవాళ్లు. ఎంబీబీఎస్ తర్వాత నేరుగా రేడియేషన్ ఆంకాలజీలో ఎండీ చేస్తే, మనవాళ్ల మాటలో 'కరెంటు పెట్టేవాళ్లు'. ఎండీ తర్వాత మూడేళ్లు డీఎం చేస్తే మందులిచ్చేవాళ్లు, నాలాగా. మొత్తం లెక్కేస్తే పదకొండున్నరేళ్లు, మధ్యలో ఎంట్రన్సుల కోసం గడిచే ఏళ్లు వేరే. మా రోజుల్లో డీఎంకు ఏ సంస్థ పరీక్ష ఆ సంస్థ పెట్టేది, అట్లాస్ పట్టుకుని రైళ్లలో తిరిగేవాళ్లం. 2017 నుంచి నీట్ ఎస్ఎస్ అని, ఎయిమ్స్ లాంటి కొన్ని సంస్థలు తప్ప దేశమంతటికీ ఒకటే. నా పెళ్లి, డీఎం సీటు ఒకే ఏడాది వచ్చాయి. 2008. రెండింట్లో దేనికి ఎక్కువ చదివానో మా ఆయన్ని అడగొద్దు.

డీఎంలో నేర్చుకున్నదంతా రాయను. ఒక్కటి రాస్తాను, తప్పు నాదే కాబట్టి.

రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే మందుల్లో డాక్సోరూబిసిన్ ఒకటి. ఎర్రగా ఉంటుంది, రూహఫ్జా కలిపినట్టు. వార్డులో అందరూ ఎర్ర మందు అంటారు. నరంలో ఉన్నంతసేపు ఫర్వాలేదు, నరం దాటి కండలోకి కారిందా, చర్మాన్ని లోపల్నుంచి కాల్చేస్తుంది. మొదటి ఏడాది ఒక రోజు, పొద్దున్నుంచి ఇరవై రెండో మనిషో ఇరవై మూడో, ఒకామెకు కుడిచేతి వెనక వైపు సన్నని నరంలో పెట్టాను. మంట అంది. మందు మంటగానే ఉంటుందమ్మా అన్నాను. అలా అనకూడదు. మంట అంటే వెంటనే ఆపాలి. చూసేసరికి సూది చుట్టూ చర్మం ఉబ్బి గులాబీ రంగుకు తిరిగింది. ఆపాను, ఉన్నంత మందు వెనక్కి లాగాను, ఐస్ పెట్టాను. రెండు వారాలకు పుండు పడింది. చివరికి తొడ మీది తోలు తీసి అతికించాల్సి వచ్చింది.

ఆమె మిషన్ కుట్టి బతికే మనిషి. తర్వాతి సైకిల్‌కు, అంటే తర్వాతి విడత కీమోకు, వచ్చింది, నేను ముఖం తిప్పుకుని ఫైలు రాస్తున్నాను. ఎదురుగా కూర్చుని ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టి, "ఇది జాగ్రత్త మేడం. మిషన్ కాళ్లతోనే తొక్కుత గానీ గుడ్డ తిప్పేది ఇగ దీంతోనే" అంది. నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. ఇప్పుడు చాలామందికి మెడ కింద కీమో పోర్టు పెడతాం, పెద్ద నరంలోకి నేరుగా పోతుంది. పోర్టు వద్దని ఎవరైనా మొండికేస్తే ఆమె చెయ్యి సంగతి చెప్తాను.

డీఎం అయ్యాక ఐదారేళ్లు హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేశాను. పేరు ఎందుకులే. పెట్ స్కాన్, ట్యూమర్ బోర్డు, మంచి పాథాలజిస్టు, అడిగితే అన్నీ ఉండేవి. రొమ్ము క్యాన్సర్ అంటే ఒకటే జబ్బు కాదని, హార్మోన్ రకం ఒకటి, హెర్2 రకం ఒకటి, ఈ రెండూ కానిది ఒకటని నిజంగా చేతికి తెలిసింది అక్కడే. హెర్2 రకానికి ట్రాస్టుజుమాబ్ అని ఒక సూది. మూడు వారాలకొకటి చొప్పున ఏడాది పొడుగునా, పదిహేడు పద్దెనిమిది డోసులు. 2012లో కరీంనగర్ వైపు ఒక కుటుంబం ఆ ఏడాది పూర్తి చెయ్యడానికి రెండెకరాలు అమ్మింది. బోరు ఉన్న పొలం. కొడుకు ఒక్కో డోసుకు బిల్లు కట్టి వచ్చి గుంటల్లో చెప్పేవాడు, "ఇయ్యాల్టిది నాలుగు గుంటలు మేడం" అని. వెటకారం కాదు, లెక్క చెప్తున్నాడు. 2014 మొదట్లో బెంగళూరు బయోకాన్ కంపెనీ ఇదే మందుకు బయోసిమిలర్, అంటే దాదాపు అలాగే పనిచేసే ఇంకో మందు, తెచ్చింది, ధర దిగింది. 2018లో బ్రిటన్ వాళ్లు నాలుగు వేల మందికి పైగా ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన చెప్పారు: ఏడాదికి బదులు ఆరు నెలలు ఇచ్చినా దాదాపు అంతే ఫలితమని. అది చదివిన రాత్రి నేను ఆ బోరు పొలం గురించే ఆలోచించాను. ఒక ఎకరం మిగిలేది.

ఆ ఆసుపత్రిలో నెలకోసారి మీటింగ్ ఉండేది. తెర మీద డాక్టర్ల పేర్లు, పక్కన అంకెలు. ఎంతమంది ఓపీకి వచ్చారు, అందులో ఎంతమంది అడ్మిట్ అయ్యారు. నా పేరు పక్కన ఎప్పుడూ ఎర్ర రంగే. "మీరు పేషెంట్లను ఊరికే వెనక్కి పంపుతున్నారు" అన్నారు ఒకసారి. ఊరికే పంపడం లేదు, వరంగల్‌లో దొరికే మందుకు హైదరాబాద్‌లో ఎందుకని పంపుతున్నాను. కొట్లాట ఏమీ కాలేదు. ఇంకో ఏడాది చేసి, 2017లో మానేశాను.

హనుమకొండకు తిరిగి వస్తానంటే మా ఆయన లెక్కలేశాడు, జీతం సగానికి వస్తుందని. అత్తమ్మ మాత్రం "హైదరాబాద్‌ల నీళ్లే మంచిగ లేవు" అని ఒక్క మాటలో తేల్చేసింది. ఒక మధ్యస్థం ఆసుపత్రిలో మొదటి అంతస్తు ఇచ్చారు. ఎనిమిది కుర్చీలు, ఒక మందులు కలిపే క్యాబినెట్, ఇద్దరు సిస్టర్లు. పొద్దున వచ్చి కీమో ఎక్కించుకుని సాయంత్రం బస్సుకు పోవడం. ఏటూరునాగారం వాళ్లకు కూడా వీలయ్యేలా నాలుగింటికల్లా చివరి సెలైన్ లైను తీసెయ్యాలని నియమం పెట్టుకున్నాం. ఆ గడియారం నాకు బాపు నేర్పినదే.

ఆరోగ్యశ్రీ 2007 నుంచీ ఉంది కాబట్టి మామూలు కీమోలకు చాలామందికి డబ్బు సమస్య కాదు. తెల్ల కార్డు, ఫొటో, ముక్క పరీక్ష రిపోర్టు ఉంటే పని నడుస్తుంది. రిపోర్టులో ఇంటిపేరు ఒక రకంగా, కార్డులో ఇంకో రకంగా ఉంటేనే తంటా. ఇంకో కష్టం నొప్పి మాత్ర. నేను వచ్చిన కొత్తలో మార్ఫిన్ కోసం మా పేషెంట్ల కొడుకులు హైదరాబాద్ పోయి రావాల్సి వచ్చేది. 2014లో చట్టం సడలించినా మాత్ర మా దగ్గరికి చేరడానికి టైం పట్టింది. పది మిల్లీగ్రాముల మాత్ర, నాలుగు గంటలకొకటి, పక్కన విరేచనం సాఫీగా కావడానికి ఇంకో మాత్ర. దానికోసం నూటనలభై కిలోమీటర్లు పోవడం.

డేట్లు ఇచ్చేటప్పుడు డాక్టర్ డైరీ ఒక్కటే చూస్తే ఇక్కడ పని కాదు. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే నెలల్లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి. కల్లంలో మిర్చి ఆరబోసి ఎవరొస్తారు? రెండేళ్లకోసారి మేడారం. 2022 జాతరకు ముందు ములుగు దగ్గర్నుంచి ఒక పెద్దమనిషి, కడుపు క్యాన్సర్, కీమో నడుస్తోంది. మొక్కు ఉంది, పోవాల్సిందే అన్నాడు. కీమో ఇచ్చిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల కణాలు బాగా పడిపోతాయి, అప్పుడు ఆ జనంలోకి పోవడం నిప్పులోకి పోవడమే. వద్దంటే వినడు, చెప్పకుండా పోతాడు. క్యాలెండర్ ముందు పెట్టుకుని సైకిల్‌ను వారం వెనక్కి జరిపాను, కణాలు లేచాక జాతర, జాతర అయ్యాక కీమో. ఎత్తు బంగారం మొక్కాడట, అంటే ఆయన బరువంత బెల్లం. జబ్బుతో పధ్నాలుగు కిలోలు తగ్గాడు. "అమ్మవారు హుషారు మేడం. మొక్కింది డెబ్బై కిలోలప్పుడు, ఇచ్చేది యాభయ్యారు" అని తనే నవ్వాడు. పక్క కుర్చీల వాళ్లు కూడా నవ్వారు, వాళ్ల బరువులు కూడా అలాగే ఉన్నాయి కాబట్టి.

ఈ వృత్తిలో కొత్త మందుల వార్తలు ప్రతి జూన్‌లో అమెరికాలో జరిగే పెద్ద సభ నుంచి వస్తాయి. వయసులో ఉన్నప్పుడు వాటి కోసం రాత్రి మేల్కొనేదాన్ని. ఇప్పుడు వేరే రకం వార్తల కోసం చూస్తాను: ఏ మందు ఎంత తగ్గించినా పని చేస్తుందని ఎవరైనా తేల్చారా అని. అలాంటివి పేపర్లో రావు, కంపెనీ రెప్రజెంటేటివ్ వచ్చి చెప్పడు, తక్కువ అమ్ముకోవడానికి ఎవరు తిరుగుతారు? కానీ మా పేషెంట్ల బతుకులు మారింది వాటితోనే. ఎముకలకు పాకిన జబ్బుకు ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ నెలకోసారి అక్కర్లేదు, మూడు నెలలకోసారి చాలని 2017లో తేలింది. ఏడాదికి ఎనిమిది తొమ్మిది ప్రయాణాలు తగ్గాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే అబిరాటిరోన్ పరగడుపున నాలుగు మాత్రలు వేసుకోవాలి. టిఫిన్‌తో పాటు ఒకటే వేసుకున్నా పీఎస్ఏ, అంటే రక్తంలో ఆ జబ్బు జాడ చూపే అంకె, అలాగే తగ్గుతుందని 2018లో ఒక చిన్న పరిశోధన చూపించింది. నాలుగు కొనలేని వాళ్లకు ఆ ఒకటే రాస్తాను. రొమ్ముకు రేడియేషన్ ఒకప్పుడు అయిదు వారాలు. ఆ అయిదు వారాలు హైదరాబాద్‌లో చుట్టాలింట్లో ఉంటే మూడో వారానికి చుట్టరికం పోయేది. తర్వాత మూడు వారాలు చాలన్నారు. 2020లో బ్రిటన్ వాళ్లు, తగిన పేషెంట్లకు ఒక్క వారం, అయిదు సిట్టింగులు సరిపోతాయన్నారు. చుట్టరికాలు నిలబడ్డాయి.

తక్కువ అనేది ప్రతిచోటా సరిపోదు, అది కూడా చెప్పాలి. తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు ఇచ్చే సిస్‌ప్లాటిన్‌ను వారం వారం చిన్న మోతాదులో ఇవ్వడం మా అందరికీ అలవాటు, పేషెంటు తట్టుకుంటాడని. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 2018లో పోల్చి చూస్తే, ఒంటి చర్మం కొలతలో చదరపు మీటరుకు 30 మిల్లీగ్రాముల ఆ వారం డోసు కన్నా మూడు వారాలకోసారి ఇచ్చే 100 మిల్లీగ్రాముల పెద్ద డోసే జబ్బును బాగా అదుపు చేసింది. మొహమాటానికి తగ్గించినదీ, పరీక్షించి తగ్గించినదీ ఒకటి కావు. నేను కూడా మొహమాటానికి తగ్గించిన రోజులున్నాయి.

మా కుర్చీల్లో ఎక్కువమంది నోటి క్యాన్సర్ వాళ్లు. గుట్కా, తంబాకు. చెంప లోపల పుండుతో మొదలవుతుంది, పన్ను గుచ్చుకుందనుకుంటారు, పన్ను పీకించుకుంటారు, ఆ గాయం మానదు. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక కూడా కొందరికి తిరిగొస్తుంది. ఒకప్పుడు అలా తిరిగొచ్చిన వాళ్లకు నేను చెప్పగలిగింది చాలా తక్కువ. పెద్ద దేశాల్లో ఇమ్యునోథెరపీ ఇస్తున్నారు, ఒంట్లోని రోగనిరోధక శక్తినే జబ్బు మీదికి ఉసిగొల్పే నివోలుమాబ్ లాంటి మందులు. పూర్తి డోసు అంటే నెలకు లక్షల్లో మాట. టాటా వాళ్లు ఇక్కడ కూడా పేదవాడి లెక్క ఒకటి వేశారు. మాత్రలతో ఇచ్చే చవక చికిత్సకు నివోలుమాబ్‌ను కేవలం 20 మిల్లీగ్రాములు, మూడు వారాలకోసారి కలిపారు. పూర్తి డోసులో పదో వంతు కూడా కాదు. మాత్రలొక్కటే తీసుకున్న వాళ్లలో ఏడాదికి బతికున్నది 16 శాతం, ఈ చిన్న డోసు కలిపిన వాళ్లలో 43 శాతం. 2022లో వచ్చిందది. నయమైపోతుందని కాదు. ఒక ఏడాది, రెండేళ్లు. ఆ ఏడాదిలో బిడ్డ పెండ్లి చేసినవాళ్లున్నారు.

ఆ మాత్రల్లో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ మీద చేసిన పనిలోంచే ఈ కుటుంబం మందులు పుట్టాయి. అందులో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల లుకేమియాను కొంతకాలం వెనక్కి తిప్పాడు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్. అంత పాత మాత్ర, అతి కొత్త సూది, ఒకే చీటీ మీద రాస్తున్నాను. రాసేటప్పుడు భయం సూది గురించి కాదు, మాత్ర గురించి. వారానికి ఒక్క రోజే, ఆరు మాత్రలు ఒకేసారి వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరంతా పూసి, కణాలన్నీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. అందుకే సిస్టర్ ఒక్కొక్కరినీ "ఏ వారం?" అని అడిగి, వాళ్ల నోటితోనే చెప్పించి, డబ్బా మీద స్కెచ్ పెన్నుతో రాస్తుంది. ఒకావిడ గురువారం అంది, సమ్మక్క గద్దెకొచ్చే రోజని. ఎప్పుడూ మరిచిపోలేదు.

ఇక నివోలుమాబ్ చిన్న వయల్, అంటే సూదిమందు సీసా, 40 మిల్లీగ్రాములు. ఒకరికి కావాల్సింది 20. మూత పొడిచాక దాచిపెట్టడం కుదరదు, ఆ రోజే వాడెయ్యాలి. అంటే ఒక్కరే వస్తే సగం పారబొయ్యాలి, పూర్తి వయల్ డబ్బు కట్టాలి. ఇద్దరు ఒకే రోజు వస్తే చెరి సగం. కాబట్టి మా దగ్గర ఈ మందుకు పేషెంట్లను జతలుగా రాస్తాం. రిజిస్టర్‌లో ఒక గీత మీద రెండు పేర్లు, మధ్యలో వయల్ నంబరు.

మొదటి జత నర్సంపేట పెద్దాయన, జనగామ ఆటో డ్రైవర్. పెద్దాయనకు అరవై రెండు, ఇతనికి నలభై ఎనిమిది. ఇద్దరికీ దవడ తీసేశారు, ఇద్దరి మాటా బయటివాళ్లకు సరిగా అర్థం కాదు, వాళ్లిద్దరికీ మాత్రం ఒకరిది ఒకరికి బాగా అర్థమయ్యేది. మూడు వారాలకో మంగళవారం. డబ్బు చెరి సగం ముందే లెక్కపెట్టుకుని, రబ్బరు బ్యాండు వేసి ఒకరి చేతికిచ్చేవాళ్లు. ముందు రోజు రాత్రి ఒకరికొకరు ఫోన్ చేసుకునేవాళ్లు, వస్తున్నావా అని. సిస్టర్ వాళ్లకు 'వియ్యంకులు' అని పేరు పెట్టింది. ఒకసారి ఆటో చెడిపోయి ఇతను రాకపోతే, పెద్దాయన మందు ఎక్కించుకోకుండా తిరిగిపోయి మర్నాడు వచ్చాడు. నువ్వు మొత్తం వయల్ కట్టు తాతా అని మేము అనలేదు, ఆయన అడగనూ లేదు.

పదకొండు సైకిళ్లు అలా నడిచాయి. పన్నెండోదానికి ముందు ఆటో డ్రైవర్ పోయాడు. రాత్రి నిద్రలోనే, ఇంట్లోనే. పెద్దాయనకు మేం చెప్పకముందే తెలుసు, ఫోన్ చేశాడు కదా.

ఆ మంగళవారం ఆయన ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్లో ఫైలు, దాని మీద రబ్బరు బ్యాండు వేసిన డబ్బు. సగమే. పక్క కుర్చీలో వేరేవాళ్లు కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టి, మళ్లీ తీసేశాడు. నేను రౌండుకు వచ్చాక అడిగాడు.

"ఇగ నా జోడెవరు మేడం?"

సిస్టర్ రిజిస్టర్ తీసింది. మహబూబాబాద్ దగ్గర ఒకామె, నాలుక క్యాన్సర్, గురువారం మొదలుపెట్టాలనుకున్నాం. ఫోన్ చేసింది. ఆమె కోడలు ఎత్తి, కల్లంలో మిర్చి ఉంది, రేపైతే వస్తం అంది. సిస్టర్ ఫోన్ పక్కకు పెట్టి పెద్దాయన వైపు చూసింది.

"రేపే వస్త నేను గూడ" అని ఆయన ఫైలు సంచిలో పెట్టుకుని లేచాడు. తలుపు దాకా పోయి, మళ్లీ వెనక్కొచ్చి, "ఆమె నంబరియ్యి బిడ్డా, రాత్రి ఫోన్ జెయ్యాలె" అన్నాడు. సిస్టర్ చిన్న చీటీ మీద నంబరు రాసిచ్చింది. ఆయన పోయాక కొత్త గీత మొదలుపెట్టి, ఆయన పేరు రాసి, పక్కన ఆమె పేరు రాసింది.